మోకాలి కింద గొంగడి

పోయిన వారం మనం స్వర్ణను కోదాడలో, అక్షిత మేడం ఫిజియోథెరపీ బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వదిలేశాం. తొడల దాకా బల్ల మీద, మోకాలి కింది భాగం బల్ల అంచు దాటి గాలిలో. రెండు మడమలూ ఒక్క ఎత్తులో వాలాలి. ఎడమది వాలింది. కుడిది నాలుగు వేళ్ల ఎత్తున పైనే ఆగిపోయింది.

ఈ వారమే మనతో కలిసినవాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. నడిగూడెంలో గొర్లు కాచుకునే జానయ్య, భద్రమ్మల చిన్నబిడ్డ స్వర్ణ. కబడ్డీలో ఆ పిల్ల కూతకు వెళ్లిందంటే ఒట్టి చేతులతో తిరిగిరావడం అరుదు. ఎండాకాలం మిర్యాలగూడ పోటీల్లో అట్లాగే వెళ్లి వెనక్కి మళ్లబోతుంటే అవతలివాళ్లు చీలమండ అందుకున్నారు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలిలో లిగమెంటు తెగింది. వానాకాలంలో సూర్యాపేట డాక్టరు రాజారత్నం ఆమె తొడ వెనక నుంచే, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే ఒక నరం తీసి, మడతలు పెట్టి, తెగినదాని చోట కొత్త లిగమెంటుగా బిగించాడు. కుట్లు మానాయి. వాపు దిగింది. పొలాల్లో వరికోతలు కూడా అయిపోయాయి. కాలు మాత్రం తిన్నగా చాపడానికి రావడం లేదు.

అప్పుడే అక్షిత ఆ మాట అడిగింది.

"స్వర్ణా, పడుకున్నప్పుడు మోకాలి కింద ఏం పెడుతున్నవ్?"

"ఏం పెడ్తలేను మేడం."

"నోరు అబద్ధం చెప్తదేమో గాని మోకాలు చెప్పదమ్మా."

స్వర్ణ ముఖం దుప్పట్లో దాచుకుంది. మోకాలి కిందికి ఏం వస్తుందో, ఎవరి చేత్తో వస్తుందో ఆమెకు తెలుసు. పొద్దున మంద తోలుకుపోయిన జానయ్య మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి ఆమె కసరత్తు ముగించి, నొప్పితో కళ్లు మూసుకుని పడుకుని ఉండేది. ఆయన చెప్పులు వాకిట్లోనే విడిచి, భుజం మీది గొంగడిని నాలుగు మడతలు వేసి, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను ఎత్తినట్టు ఆమె మోకాలిని ఎత్తి కిందికి జరిపేవాడు. ఆపరేషన్ అయిన రోజు నర్సు వచ్చి స్వర్ణ కాలి కింద దిండ్లు పెట్టడం చూశాడాయన. ఆ నర్సు పెట్టింది కాలు పొడుగునా, అదీ వాపు దిగేదాకా. ఆ తేడా ఆయనకు పట్టలేదు. గొంగడి కిందికి చేరగానే మోకాలు కొంచెం వంగేది, నొప్పి తీసేసినట్టు పోయేది. రాత్రిళ్లూ అదే వైద్యం.

"నేనే పెట్టుకుంటున్న మేడం, దిండు," అంది చివరికి.

అక్షితది మిర్యాలగూడ. నాన్న నర్సింగరావుకు అక్కడ రైసుమిల్లు ఉంది. మిల్లు అన్నకు వదిలేసి ఈ చదువు చదివి కోదాడలో గది అద్దెకు తీసుకుంది. కోప్పడటం ఆమెకు చేతకాదు. కోపం వచ్చినా నవ్వుతూనే చెప్తుంది.

"మోకాలికి వంగి ఉంటేనే సుఖం. ఆ సుఖం మరిగిందంటే వెనకవైపంతా బిగుసుకపోతది. ఆపరేషన్ అయినంక మొట్టమొదట చాపుడు రావాలె, వంచుడు తర్వాతైనా వస్తది. దిండు పెట్టాల్సింది మడమ కింద. మోకాలు గాలిల ఉండాలె." ఆపైన పరాచకంగా అంది: "మీ ఇంట్ల నీ మోకాలికి ఎవరో పగోళ్లున్నట్టున్నరు."

స్వర్ణ తల తిప్పి చూసింది. తలుపు దగ్గర జానయ్య నిలబడి ఉన్నాడు. బయట బండి మీద కొన్న జామకాయలు తువ్వాలలో పట్టుకుని, బిడ్డకు ఇద్దామని లోపలికొచ్చాడు. కాయల్ని కుర్చీలో పెట్టి, వచ్చినంత మెల్లగా బయటికి వెళ్లిపోయాడు. అక్షిత ఆయన్ని చూడనేలేదు. మోకాలి మీద అరచేయి ఆనించి నొక్కి చూస్తోంది.

"ఒట్టిగ బిగుసుకుంటే జరంత సాగాలె. ఇది ఒకదగ్గర చెక్క తగిలినట్టు ఆగుతున్నది. లోపల ఏదన్నా అడ్డం పెరిగిందేమో. ఎమ్మారై తీయించి రాజారత్నం సారుకు చూపించు. ఆలోపు ఇంట్ల కసరత్తు ఆపకు. చాపేటప్పుడు ఎవరన్నా నొక్కిపట్టాలె, ఒక్కదానివల్ల కాదు."

ఈ మాటలు వినాల్సినవాడు అప్పటికే మెట్లు దిగిపోయాడు.

నడిగూడెం చేరగానే జానయ్య మంద దగ్గరికి వెళ్లిపోయాడు. తెల్లారి స్వర్ణ లేచేసరికి ఇంట్లో లేడు. పాలకీడు దగ్గర కోసిన మళ్లలో ఎరువు కోసం మంద పెట్టడానికి ఏటా పెద్దకొడుకు మహేశ్వర్‌నే పంపేవాడు. ఈసారి కొడుకును ఆపి తనే వెళ్లాడు. చలికాలం వచ్చిందంటే ఒంటి మీద నుంచి దిగని గొంగడి, దండెం మీదే వేలాడుతోంది.

నాలుగు రోజులు గడిచాయి. ఫోన్ చేస్తే ఎత్తి "ఆఁ, మంచిగున్న" అంటాడు, పెట్టేస్తాడు.

"మీ నాయిన అన్నం గూడ సక్కగ తింటలేడంట," అంది భద్రమ్మ, పొయ్యి ముందు నుంచి లేవకుండానే. "పోయేటప్పుడు నాతోని ఒక్కటే మాట అన్నడు, బిడ్డ కాలు నేనే కరాబ్ చేసిన అని. నువ్వు పోయి తోలుకరా. నేను పిలిస్తె రాడు. పెండ్లయిన కాన్నుంచి పిలుస్తనే ఉన్న, ఏనాడన్న ఒక్క పిలుపుకు పలికిండా?"

మహేశ్వర్ తన ట్రాలీ ఆటోలో చెల్లెల్ని ఎక్కించుకున్నాడు. ఒళ్లో గొంగడి పెట్టుకుని స్వర్ణ కూర్చుంది. కోదాడ దాటి, హుజూర్‌నగర్ దాటి, కాల్వకట్ట వెంట పాలకీడు చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. మహేశ్వర్ బండి రోడ్డు మీదే ఆపాడు.

"నేను గీడనే ఉంట. మీరిద్దరు మాట్లాడుకోన్రి. నన్ను జూస్తె మళ్ల మంద లెక్కల ముచ్చట పెడ్తడు," అన్నాడు.

కోసిన మడిలో వరికొయ్యలు కాళ్లకు గుచ్చుకుంటున్నాయి. స్వర్ణ కుడి మడమ నేలకు పూర్తిగా ఆనదు. మునివేళ్ల మీద ఒక అడుగు, నిండు పాదం మీద ఒక అడుగు. గొర్లు తలలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. వల కట్టిన గుంజల పక్కన, గోనెసంచి మీద జానయ్య కూర్చుని ఒక ఈనిన గొర్రెకు ఆకు తినిపిస్తున్నాడు. అలికిడికి తల తిప్పాడు. బిడ్డ నడిచొస్తున్న తీరు చూసేసరికి ఆయన చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది.

"ఎందుకొచ్చినవ్ బిడ్డా, గీ కాలుతోని గింత దూరం?"

"నీ గొంగడి మర్సిపోయి వచ్చినవ్. ఇద్దామని వచ్చిన."

"మర్వలే. వద్దని ఇడిసిపెట్టిన."

"చలికి గజగజ వణుక్కుంట పండుకుంటున్నవంట గదా. కాల్వ పక్కన. ఈ వయసుల నిమ్ము చేస్తె ఎవలు సూడాలె?"

జానయ్య గోనెసంచి మీద జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చోవడానికి ఎంత అవస్థ పడుతుందో కళ్ల చివర నుంచి చూస్తూ, పట్టుకుందామని చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఆ చేయి వెనక్కి పోవడం స్వర్ణ చూసింది. నడక నేర్చిన నాటి నుంచి ఆ చేయి తనను అందుకోకుండా ఆగడం ఆమె ఎరగదు.

"డాక్టరమ్మతోని అబద్ధం ఎందుకు చెప్పినవ్?" అన్నాడాయన. "దిండు నేనే పెట్టుకుంటున్న అని."

"నిన్ను అంటదని."

"అనకుంటె ఊకుంటదా? అననే అన్నది. ఇంట్ల పగోడున్నడన్నది."

"ఆమె నవ్వులాటకు అన్నది నాయినా. నువ్వని ఎరుక లేక అన్నది."

"ఎరుక లేకపోయినా నిజమే అన్నది గదా." జానయ్య కొయ్యల్లోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. "కాలిరిగిన గొర్రెపిల్లలకు ఎదురుబద్దలు కట్టి నిలబెట్టినోన్ని. కాళ్ల సంగతి నాకెరుకనే అనుకున్న. నువ్వు మూల్గుతుంటె సూడలేకపొయ్యేది. గొంగడి పెట్టంగనే మూల్గు ఆగుతుండె. మంచి పని చేస్తున్ననని మురిసిన. దినాం మురిసిన. మందు ఏస్తున్న అనుకుంట ఇసం పోసినట్టయింది."

నీ తప్పేం లేదంటే ఆయన నమ్మడు. నమ్మినా అది అబద్ధమే అవుతుంది. ఒక అబద్ధంతోనే ఇంత దూరం వచ్చింది. స్వర్ణ వేరే సంగతి చెప్పింది.

"నువ్వు గొంగడి పెట్టేటప్పుడు నేను నిద్రపోతుంటి అనుకున్నవా?"

జానయ్య తల తిప్పాడు.

"మెలకువతోనే ఉంటుంటి. నువ్వు వాకిట్ల చెప్పులు ఇడిసే చప్పుడుకే కండ్లు మూసుకుంటుంటి. మోకాలి కింద ఏం పెట్టొద్దని దవాఖానల నాకు చెప్పిన్రు నాయినా. ఇంటికి పంపేనాడు చెప్పిన్రు. నీకు నేను చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"హాయిగుండె."

జానయ్య ఆమె ముఖంలోకి చూశాడు. కోపం వస్తుందేమోనని స్వర్ణ ఎదురుచూసింది. ఆయన గొంతులో వచ్చింది మాత్రం నవ్వులాంటిది.

"అయితే ఇద్దరం దొంగలమేనన్నట్టు."

"ఇద్దరమే. నువ్వొక్కనివి పారిపోయి వచ్చినవ్. నేనేడికి పోవాలె, గీ కాలు పట్టుకొని?"

ఆకు అందక ఈనిన గొర్రె జానయ్య మోచేతిని మూతితో పొడిచింది. ఆయన దానికి మిగతా ఆకు తినిపించాడు. తర్వాత అడిగాడు, గొర్రెనే అడుగుతున్నట్టు, "మంచిగైతే మళ్ల ఆడతవా?"

"ఆడత."

"గింత అయినంక గూడనా?"

"కూతకు పోయినప్పుడు నాకు వేరే ఏం యాదికుండది నాయినా. ఊపిరి, గీత, అవతలోళ్ల కాళ్లు. ఇంకేం ఉండది. అది ఇడిసిపెట్టి ఉండాల్నంటే నాకెట్లనో అయితది."

ఆయన తలూపాడు. ఇష్టంతో ఊపిన తల కాదది. పాలకీడు ఎండలో, వద్దనే మాటను లోపలికి మింగుతున్న తండ్రి ముఖం ఆమెకు స్పష్టంగా కనిపించింది.

స్వర్ణ గొంగడిని మడతలు వేసి ఎదురుగా ఉన్న బండరాయి మీద పెట్టింది. కుడి మడమను దాని మీదికి ఎత్తింది. మోకాలు గాలిలో వంగి నిలిచింది.

"ఇగో, గొంగడి పెట్టాల్సింది గీడ. ఇప్పుడు నువ్వు మోకాలి మీద చెయ్యేసి కిందికి వత్తాలె. మెల్లగ. నేను పది అంకెలు లెక్కపెట్టేదాక ఇడవద్దు."

"నొస్తదా?"

"నొస్తది. ఏడుస్త గూడ."

"అయితే నాతోని కాదు. మీ అమ్మతోని వత్తించుకో."

"అమ్మ వత్తుతనే ఉన్నది. నేను అబ్బా అంటె ఆమె నాకంటె ముందు ఏడుస్తది. నాయినా, పిల్ల అడ్డం తిరిగిన గొర్రెకు చెయ్యి పెట్టి తీస్తవ్ గదా. అది అరిస్తె ఆపుతవా?"

"గొర్రె వేరు, నువ్వు వేరు."

"వేరేం లేదు. రెండిటినీ సాకింది నువ్వే."

జానయ్య తువ్వాలతో అరచేతులు తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచినవి మళ్లీ తుడిచాడు. చేయి ఆమె మోకాలి మీద వేశాడు. ముందు ఆ చేతిలో బరువే లేదు. "వత్తు," అంది ఆమె. బరువు వచ్చింది. స్వర్ణ గోనెసంచి అంచు పట్టుకుని లెక్క మొదలుపెట్టింది. నాలుగు దగ్గర లెక్క తెగిపోయింది. చేయి సడలబోతే "ఇడవకు" అని పళ్ల సందు నుంచి అంది. ఆయన ముఖం మంద వైపు తిప్పుకున్నాడు, చేయి మాత్రం తీయలేదు. పది చెప్పేసరికి ఇద్దరి బుగ్గలూ తడిగానే ఉన్నాయి.

"ఇట్ల దినానికి ఎన్నిసార్లు?" అని అడిగాడు.

"నువ్వు ఇంటికొస్తె చెప్త."

మందను మహేశ్వర్‌కు అప్పగించి, సాయంత్రం బస్సులో జానయ్య బిడ్డతో ఇల్లు చేరాడు. భద్రమ్మ గుమ్మంలో నిలబడి, "పిలిస్తె రానోడు వచ్చిండు," అని మాత్రం అంది. ఆ పూట కోడిగుడ్ల పులుసు వండింది.

రోజులు గడిచేకొద్దీ నాలుగు వేళ్ల ఎత్తు మూడు వేళ్లయింది. అక్కడే ఆగింది. ఎంత వత్తినా అంతకు మించి దిగలేదు. ఎమ్మారై తీయించుకుని సూర్యాపేట వెళ్లారు.

రాజారత్నం ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి, మోకాలి నడుమ ఒక తెల్లని చుక్క మీద పెన్ను ఆనించాడు.

"కొత్త లిగమెంటు ముందు చిన్న గడ్డ కట్టింది. తలుపు సందులో గోలీకాయ ఇరుక్కుంటే తలుపు పడదు కదా, అలాగన్నమాట. వ్యాయామంతో కరగదు. కెమెరాతో లోపలికి వెళ్లి తీసేయాలి. చిన్న పనే."

"గొంగడి పెట్టబట్టి కట్టిందా సారు?" జానయ్య నిలబడే అడిగాడు.

స్వర్ణ తర్వాత నిజం ఒప్పుకోవడంతో, డాక్టరుకు ఆ సంగతంతా అక్షిత ఫోన్లో చెప్పింది. ఆయన అబద్ధం చెప్పి ఓదార్చే మనిషి కాదు.

"వెనకవైపు బిగుసుకోవడానికి అదీ ఒక కారణమే. కానీ ఆ బిగువు మీరు వత్తితే సాగింది చూశారా. ఈ గడ్డ ఎవరికి కడుతుందో ఎవరూ చెప్పలేరు. అన్నీ సరిగ్గా చేసినవాళ్లకూ కడుతుంది. ఇంకో మాట. లిగమెంటు ఫిల్ములో ఉన్నట్టే కనిపిస్తోంది. ఎంత బిగువుగా ఉందో లోపల చూస్తే గానీ తెలియదు."

చివరి మాట జానయ్య చెవిన పడలేదు. "అన్నీ సరిగ్గా చేసినవాళ్లకూ" దగ్గరే ఆయన కుర్చీలో కూలబడ్డాడు, చాలా రోజుల తర్వాత కూర్చున్న మనిషిలాగా. స్వర్ణకు మాత్రం చివరి మాటే మనసులో నిలిచిపోయింది.

ఆపరేషన్ పొద్దున్నే. వెన్నులో సూది వేశారు. నడుము కింది నుంచి ఒళ్లు ఆమెది కాకుండా పోయింది, కళ్లూ చెవులూ మాత్రం ఆమెవే. డాక్టరు ఎదుటి తెరను ఆమెకు కనపడేలా తిప్పించాడు. నీళ్లలో తేలుతున్నట్టు తన మోకాలి లోపలి భాగం. చిన్న కత్తెర లాంటిది వచ్చి ఆ గడ్డను కొద్దికొద్దిగా కొరికింది, ముక్కలు నీళ్లతో పోయాయి. తర్వాత ఎవరో ఆమె మడమ ఎత్తి పట్టుకున్నారు.

"చూడమ్మా స్వర్ణా. తిన్నగా ఉంది," అన్నాడు రాజారత్నం.

చూసింది. బద్ద పెట్టి గీసినట్టు తన కాలు. ఎన్నాళ్లకో. ఆమె కళ్లు మసకబారాయి, తెర సరిగ్గా కనిపించలేదు. అందుకే డాక్టరు మాటలు ఆగిపోయిన సంగతి కొంచెం ఆలస్యంగా తెలిసింది.

తెర మీద కొంకి లాంటి సన్నటి పరికరం ఒకటి కొత్త లిగమెంటును తగులుకుని లాగుతోంది. బిగిసిన తాడులా నిలబడాల్సింది, వదులైన నులకలా వెంట వచ్చింది. ఇంకోసారి లాగాడు. మళ్లీ వచ్చింది.

"వాళ్ల నాన్నను పిలవండి," అన్నాడు.

ఆకుపచ్చ గౌను, తలకు గుడ్డ టోపీ వేసి జానయ్యను లోపలికి తెచ్చారు. తలపాగా లేని తండ్రి ఆమెకు చిన్నపిల్లాడిలా కనిపించాడు. డాక్టరు తెర చూపించి నిదానంగా చెప్పాడు. గడ్డ పోయింది, కాలు తిన్నగా వచ్చింది. లిగమెంటు మాత్రం సాగిపోయింది. ఎవరి తప్పూ కాదు, కొందరి ఒంట్లో అది గట్టిగా అతుక్కోదు. ఇలాగే వదిలేస్తే నడుస్తుంది, మెట్లెక్కుతుంది, ఇంటిపని పొలంపని చేసుకుంటుంది. కబడ్డీ మాత్రం లేదు. ఆడాలంటే మళ్లీ మొదటి నుంచి.

"ఇప్పుడు కాదు. ఈ వాపు తగ్గి, కాలు కుదుటపడ్డాక. ఈసారి ఎడమ తొడ నుంచి నరం తీయాలి. బాగున్న కాలిని కోయాల్సి వస్తుంది. ఇంటికెళ్లి బాగా ఆలోచించుకోండి."

వదిలేయమంటాడని స్వర్ణకు తెలుసు. పాలకీడులో మింగిన మాట ఇప్పుడు బయటికి వస్తుంది. రావడం న్యాయమే. ఆమె కళ్లు మూసుకుంది.

"ఎడమ కాలు ముట్టకున్రి సారు," అన్నాడు జానయ్య. "ఆమె ఒంట్ల ఉన్నయి ఒక్కొక్కటి తీసుకుంట పోతె ఆమెకేం మిగుల్తది? నా తొడల నుంచి తీయున్రి. గొర్ల ఎంబడి తిరిగిన కాళ్లు, గట్టిగుంటయి. బిడ్డ ఆడతనంటున్నది."

గదిలో ఎవరో చిన్నగా నవ్వబోయి ఆపుకున్నారు. స్వర్ణ కళ్లు తెరిచింది. "నాయినా, వద్దు," అని లేవబోయింది. నడుము కింది ఒళ్లు ఆమె మాట వినలేదు.

రాజారత్నం నవ్వలేదు. మాస్కు పైన ఆయన కళ్లు తెర మీది నుంచి జానయ్య కాళ్ల మీదికి దిగి, అక్కడే ఆగాయి.

"మీ వయసెంత పెద్దాయనా?" అని అడిగాడు.